నీలం టార్పాలిన్ కింద నా మొహం

అనకాపల్లిలో మాది చిన్న మ్యాచింగ్ సెంటర్. ఇంటి ముందు గదే కొట్టు. చీర పట్టుకొస్తే దానికి తగిన జాకెట్టు ముక్క, ఫాల్, లైనింగ్ తీసి ఇవ్వడం నా పని. కొట్టులో ట్యూబులైటు కింద అన్నదమ్ముల్లా కలిసిపోయిన రంగులు ఇంటికెళ్లేసరికి విడిపోతాయి, మర్నాడు కస్టమర్ తిట్టుకుంటూ వస్తుంది. అందుకని మా పనిలో ఉన్నవాళ్లందరిదీ ఒకటే పద్ధతి. ముక్కనీ, చీరనీ, చీర గల మనిషినీ కూడా వెంటబెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లిపోవడమే. ఎండలో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఆటోవాడు హారన్ కొట్టినా జరగం. కలిస్తే కలిసినట్టు, లేదంటే లోపలికెళ్లి ఇంకో ముక్క తీస్తాం. రంగు అనేది వస్తువుకి ఉంటుంది, అది ఎండలో తెలుస్తుంది అని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకాన్ని మా ఆయన పాడుచేశారు.

ఆయన పెయింటర్. మా పెళ్లినాటికి ఊళ్లో సగం కొట్ల బోర్డులు ఆయన రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. తరవాత ఫొటోలు చూసి బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. ఎక్కువగా చనిపోయినవాళ్లవే. గోడకి తగిలించి దండ వేసుకునే బొమ్మలు. ఫొటో ఇచ్చేటప్పుడు అందరూ ఒకటే మాట అంటారు, రంగు కాస్త తెల్లగా వెయ్యమని. ఆయన చేతిలో పోయినవాళ్లందరూ ఒక చాయ తెల్లబడ్డారు. పులిపిర్లు, మశూచి గుంటలు, కాలిన మచ్చలు, ఏవీ ఉంచేవారు కాదు. అడిగినా అడక్కపోయినా తీసేసేవారు. ఆ బొమ్మలు చూసి ఇంటివాళ్లు కళ్లు తుడుచుకునేవారు. ఇంకేం కావాలి?

పోయినేడు విశాఖపట్నంలో ఒక పెద్ద గోడకి బొమ్మలు వేసే పని దొరికింది. అక్కడ కుర్ర పెయింటర్లు కొందరు కలిశారట. వాళ్లు ఏం చెప్పారో, ఏం చూపించారో నాకు తెలియదు. తిరిగొచ్చిన రోజే నల్లరంగు డబ్బా తీసి మా తమ్ముడి చేతిలో పెట్టి, ట్రాక్టర్ తొట్టికి పూసుకోమన్నారు.

"ఏటండీ, పెయింటరై ఉండి నలుపు ఇచ్చేత్తన్నారు?" అన్నాను.

"నీడ నల్లగా ఉండదే. ఇన్నాళ్లూ తప్పేసేను."

"నల్లగా కాపోతే ఎలగుంటాది? ఎర్రగా ఉంటాదా?"

"ఒక్కోసారి," అన్నారు.

నాకు నవ్వాలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలో తెలియలేదు. ఆ రోజు నుంచి దేన్ని చూసినా కళ్లు సగం మూసి చూసేవారు. అలా చూస్తే గీతలన్నీ పోయి వెలుగు ఒక్కటే మిగులుతుందట. బిందెని అలాగే చూసేవారు, ఆరేసిన లుంగీని అలాగే చూసేవారు. ఎదురింటావిడ ఒకరోజు కొట్టుకి వచ్చి, "మీ ఆయన నాకేసి అదోలా సూత్తన్నాడమ్మా, కాత్త సెప్పు," అని ముఖం మాడ్చుకుని వెళ్లింది. ఆయన చూసింది ఆవిడ వెనకున్న గోడనని చెప్తే ఆవిడకి ఇంకా కోపం వస్తుందని ఊరుకున్నాను.

మొదట వేసింది బెల్లం దిమ్మ. బెల్లం ఊరువాళ్లం. దిమ్మని చూసి ఇది ఏ రకం, ఏ ధర పలుకుతుంది అని చంటిపిల్ల కూడా చెప్పగలదు మా దగ్గర. అలాంటి ఊళ్లో పుట్టి బెల్లాన్ని వంకాయ రంగులో వేశారీయన. మధ్యలో అక్కడక్కడా చిలకపచ్చ చుక్కలు. దగ్గరికెళ్లి చూస్తే బూజు పట్టినట్టుంది. ఛీ అనుకుని వంటగదిలోకి వెళ్లి, గుమ్మంలోంచి ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. బెల్లం! కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతున్న మెత్తటి బెల్లం దిమ్మ. మళ్లీ దగ్గరికెళ్లాను, బూజు. మళ్లీ గుమ్మంలోకి వచ్చాను, బెల్లం. అలా తిరుగుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడుస్తూ ఆయన్నీ, బెల్లాన్నీ, విశాఖపట్నాన్నీ కలిపి తిట్టాను. వంకాయ రంగులో నాకు బెల్లం ఎలా కనిపించిందో మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు.

ఇంట్లో ఎన్ని వేషాలు వేసినా పరవాలేదు. కశింకోట నుంచి ఒక రైతు వాళ్ల నాన్న ఫొటో ఇచ్చి, పెద్దకర్మనాటికి బొమ్మ కావాలన్నాడు. ఆ బొమ్మ కూడా కొత్త పద్ధతిలోనే వేశారు. గడ్డం కింద పచ్చగా, కణత దగ్గర నీలంగా. ఆ మనిషి వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏటి బావా ఇది?" అన్నాడు చివరికి. "మా అయ్యకి పచ్చకామెర్లొచ్చినట్టు ఏసేవు. ఆయన గుండాగి పోయేడు కదా!"

"కళ్లు సగం మూసి సూడు బావా," అన్నారు మా ఆయన.

"నానంటే మూత్తాను. కర్మకొచ్చినోళ్లందరికీ కళ్లు మూసుకోండని ఎవులు సెప్తారు?"

నేను బీరువా వెనక్కి వెళ్లి నవ్వాను. ఈయన పాత పద్ధతిలో ఇంకో బొమ్మ వేసి ఇచ్చారు. తెల్లగా, నున్నగా, కొత్త చొక్కాతో. అతను సంతోషంగా తీసుకెళ్లాడు. కానీ ఆ రెండో బొమ్మని ప్యాక్ చేస్తుంటే నాకే ఏదోలా అనిపించింది. పచ్చకామెర్ల ముసలాయన మనం పిలిస్తే పలికేలా ఉన్నాడు. ఈ తెల్లాయన పలకడు. ఇదేం చోద్యమో నాకు అర్థం కాలేదు. అర్థం కానివి ఇంట్లో ఒక్కొక్కటే పెరుగుతున్నాయని నాకు విసుగొచ్చింది.

తరవాత వారమో పదిరోజులో గడిచాక అడిగారు. "ఇదిగో, పొద్దున్న పూట కాసేపు కూకుంటావా? నీ బొమ్మేత్తాను."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా బొమ్మ వేయలేదు. నేనూ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది.

పాప పుట్టిన కొత్తలో నాకు ఎడమకన్ను పక్కన తెల్లమచ్చ వచ్చింది. చిన్నదే. తరవాత పెదవి చివర ఒకటి, గడ్డం కింద ఒకటి. బొల్లి. ప్రమాదమేం లేదని డాక్టర్ చెప్పాడు. ప్రమాదం లేదని డాక్టర్ చెప్తే సరిపోతుందా? చీరలు చూపించేటప్పుడు ఆడవాళ్లు చీర వదిలేసి నా మొహం చూసేవారు. అంటుకుంటుందేమోనని ముక్క నా చేతిలోంచి కాకుండా బల్ల మీంచి తీసుకునేవారు కొందరు. నా చాయకి సరిపడే క్రీం వెతుక్కున్నాను. పొద్దున్నే స్నానాల గదిలో తలుపేసుకుని రాసుకుని గానీ కొట్టు తలుపు తీయను. ఊరందరికీ మ్యాచింగ్ చేసేదాన్ని, నా మొహానికి నేను చేసుకోలేనా అని మొండిగా ఉండేదాన్ని.

ఒకే ఇంట్లో ఉండే మనిషికి అవి తెలియకుండా ఎలా ఉంటాయి? తెలుసు. కానీ ఆయన ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఉన్నాయనీ అనలేదు, పోతాయనీ అనలేదు, పరవాలేదనీ అనలేదు. మంచితనం వల్ల అనలేదా, అసలు నా మొహంకేసి చూడక అనలేదా? అది నాకు తేలలేదు. పాప పెరిగి కాలేజీకి వెళ్తున్నా తేలలేదు. ఇప్పుడు బొమ్మ వేస్తానంటున్నారు. మచ్చలు వేస్తే, ఇన్నాళ్లూ ఈయన కళ్లకి నేను ఇలాగే ఉన్నానన్నమాట అని బాధ. వేయకపోతే, పోయినవాళ్లకి తీసేసినట్టే నాకూ తీసేశారన్నమాట అని బాధ. ఏం వేసినా నాకు బాధే అయినప్పుడు ఒప్పుకోవడం దేనికి? అయినా ఒప్పుకున్నాను.

వానల రోజులు. పెరట్లో రేకులు కారుతున్నాయని వాటి మీంచి ముందుకి నీలం టార్పాలిన్ లాగి కట్టాం. ఆయన దాని కింద స్టూలు వేసుకుని బొమ్మ వేసే అట్ట పెట్టుకున్నారు. నన్ను బట్టలుతికే రాయి దగ్గర మెట్టు మీద, ఎండ పడేచోట కూర్చోబెట్టారు. నేను పట్టుచీర కట్టుకుని, క్రీం రాసుకుని, పౌడర్ అద్దుకుని తయారై వచ్చాను. ఆయన కళ్లు సగం మూసి చాలాసేపు చూశారు. కుంచె ఎత్తారు, దించారు.

"ఆ క్రీం కడుక్కునొచ్చీ," అన్నారు.

"ఏటి?"

"దాని మీద ఎండ నిలబడ్డం లేదు. సున్నం కొట్టిన గోడలాగుంది. కింద ఏ రంగుందో నాకు కనబడ్డం లేదు."

ఆయన నోట ఆ క్రీం మాట వినడం అదే మొదటిసారి. ఎంత మామూలుగా అన్నారంటే, చేతులకి పిండి అంటుకుంది కడుక్కో అన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. వంటగదిలోకి పోయి కూర్చున్నాను. ఇన్నేళ్లు నోరు మూసుకున్న మనిషికి ఇవాళ రంగు కోసం నోరు పెగిలిందా? నా కోసం కాదు, ఎండ కోసం! బొమ్మా వద్దు గిమ్మా వద్దు అని చెప్పేద్దామనుకున్నాను. మరి ఎందుకు లేచి కొళాయి దగ్గరికి వెళ్లానో, ఎందుకు సబ్బుతో రుద్ది రుద్ది కడిగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఏం వేస్తారో చూస్తానన్న పంతమే అయ్యుండాలి.

వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. పక్కకి తిరగమన్నారు, తిరిగాను. జడ అడ్డం వస్తోంది, కొప్పు చుట్టమన్నారు, చుట్టాను. ఎదురుగా గోడా, బొప్పాయి చెట్టూ తప్ప నాకేం కనిపించేది కాదు. చెంప మీద ఎండ వెచ్చగా తగిలేది. క్రీం లేకుండా ఎండలో కూర్చుని ఎన్నాళ్లయిందో.

అలా చాలా రోజులు పొద్దుటిపూట కూర్చున్నాను. వాన వస్తే లేచేదాన్ని, తెరిపిస్తే మళ్లీ కూర్చునేదాన్ని. కొట్టు తీసే వేళకి లోపలికెళ్లి క్రీం రాసుకునేదాన్ని. మధ్యలో ఆయన కుంచె చూపించి, "దీన్ని మీ కొట్టులో ఏటంటారు?" అని అడిగేవారు.

"ఆనియన్ పింక్."

"ఇదో?"

"మెహందీ గ్రీన్. అది నా మొహానికెందుకండీ?"

"చెవి కింద ఉంది," అనేవారు.

నా చెవి కింద మెహందీ గ్రీన్ ఉందంటే చెవి తడుముకునేదాన్ని. కానీ ఆ మాటలు బాగుండేవి. మా ఇద్దరికీ పప్పూ ఉప్పూ కాకుండా వేరే మాటలు వచ్చి చాలా కాలమైంది. మెట్టు మీంచి లేచేటప్పుడల్లా ఇంకాసేపు కూర్చోమంటే బాగుండుననిపించేది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదనుకోండి.

రోజూ లేవగానే ఆయన వెనక్కి వెళ్లి టార్పాలిన్ కింద నిలబడి బొమ్మ చూసేదాన్ని. నా మొహమంతా వెలుగు ముక్కలు. నుదుటి మీద ఒకటి, ముక్కు పక్కన ఒకటి, కంటి పక్కన ఒకటి, మెడ మీద ఇంకొన్ని. చెట్టు సందుల్లోంచి ఎండ పడినట్టు. ఎవరో గానీ బాగుంది ఈ మనిషి అనిపించేలా ఉంది. నేను మాత్రం మచ్చల కోసం వెతికాను. కంటి పక్కనున్నది మచ్చా, ఎండా? పెదవి చివర ఉన్నది? ఒకరోజు మచ్చే అనిపించేది. మర్నాడు కాదు, వెలుగే అనిపించేది. నెమ్మదిగా నాకు నేనే తీర్మానించుకున్నాను: తీసేశారు. అంత అందంగా తీసేశారు కాబట్టి తీసేసినట్టు కూడా తెలియడం లేదు. సంతోషించాల్సింది పోయి బాధపడ్డాను. ఉన్న మొహాన్ని ఉన్నట్టు వేయడానికి ఈయనకీ మనసొప్పలేదు. అడిగి తేల్చుకోవచ్చు కదా అంటారు మీరు. అడిగితే ఆయన నోట ఏ మాట వస్తుందోనని భయం.

అయిపోయిందని చెప్పి ఒక పొద్దున్న ఆయన చట్రం కట్టడానికి కర్రలు తేవడానికి వెళ్లారు. రాత్రి వాన వెలిసి ఎండ చురుక్కుమంటోంది. నేను బొమ్మ ముందు నిలబడ్డాను. అలవాటైన చేతులు కదా, ఏం ఆలోచించకుండానే అట్ట ఎత్తుకుని కొట్టులోంచి రోడ్డు మీదికి వచ్చేశాను. చీరనైనా ముక్కనైనా ఎలా తెస్తానో అలాగే.

ఎండలో పెట్టి చూసి అదిరిపడ్డాను. మొహమంతా పండిన బొప్పాయి రంగు. పెరట్లో చూసిన మనిషి కాదు. ఒక్క క్షణం ఏం జరిగిందో తెలియలేదు. తరవాత అర్థమైంది. నేను కూర్చున్నది ఎండలో. ఆయన రంగులు కలిపిందీ, వేసిందీ నీలం టార్పాలిన్ కింద. ఆ నీలం అట్ట మీద పడుతుంటే, దాన్ని విరవడానికి ఆయన తెలియకుండానే ఎరుపూ పసుపూ కుమ్మేశారు. రోజూ నేనూ ఆ నీలం కిందే నిలబడి చూసి మురిశాను. నీడపట్టున మ్యాచింగ్ చూడకూడదని అందరికీ చెప్పే మనిషిని, నా సొంత మొహాన్ని టార్పాలిన్ కింద చూసుకున్నాను.

అంతకన్నా పెద్ద సంగతి ఆ తరవాత కనిపించింది. మచ్చలు. బొప్పాయి రంగు మధ్యలో స్పష్టంగా, అంచులతో సహా. కంటి పక్కది, పెదవి చివరిది, గడ్డం కిందది. ఏదీ తీయలేదు. ఏదీ చిన్నది చేయలేదు. టార్పాలిన్ కింద అవి వెలుగులో కలిసిపోయాయంతే. చేతుల్లో అట్ట పట్టుకుని నేను అలా నిలబడిపోయాను. అయితే వేశారు. ఎందుకు వేశారు? సంతోషపడాలా, సిగ్గుపడాలా?

అప్పుడే మాకవరపాలెం నుంచి ఎప్పుడూ వచ్చే కస్టమర్ ఆటో దిగింది. నాకన్నా పెద్దావిడ, మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు. సంచి కింద పెట్టి బొమ్మకేసి చూసింది, నాకేసి చూసింది.

"నువ్వేనేటమ్మా? మచ్చల్తో సహా ఏసీసేడే!"

నేనింకా క్రీం రాసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఎనక మెడ మీద కూడా ఉందేటి నీకు?" అంది ఆవిడ, బొమ్మలో కొప్పు కింద వేలు పెట్టి.

చూశాను. జుట్టు మొదట్లో, మెడ వెనక, పెద్ద మచ్చ. "లేదండీ, అది కుంచె జారింది," అన్నాను.

ఆవిడ నా వెనక్కి వచ్చి జడ పైకెత్తింది. "ఉందమ్మా," అంది నెమ్మదిగా. "ఇక్కడే ఉంది. అచ్చు అలగే."

ఆవిడ వేలు నా మెడ మీద గుండ్రంగా తిరిగింది. నా ఒంటి మీద నాకు తెలియని చోటు అది. అద్దంలో కనిపించని చోటు.

ఆయన స్కూటర్ దిగి కర్రలు గోడకి చేరేశారు. ఎండలో బొమ్మ చూసి ఆగిపోయారు. ముందుకొచ్చి చూశారు, వెనక్కెళ్లి చూశారు. కళ్లు సగం మూశారు, తెరిచారు. "అయ్యో, ఇంత ఎర్రగా వచ్చిందేటి?" అన్నారు. తెరిచిన కొట్టు తలుపులోంచి పెరటి వైపు చూశారు. "టార్పాలిన్! ఆ సంగతే తట్టలేదు నాకు. ఇప్పుడు ఏది సరైన రంగో నాకూ తెలీట్లేదు. మళ్లీ ఎయ్యాలి."

"రంగు సంగతి కాదు," అన్నాను. "మెడ ఎనక మచ్చ ఎప్పట్నించుంది?"

"ఏది? అదా?" అన్నారు బొమ్మ మీంచి కళ్లు తీయకుండానే. "పాపకి నడకొచ్చిన కొత్తలో వచ్చింది. మొదట్లో చింతపిక్కంతుండేది. ఈమధ్య పెరగట్లేదులే."

కస్టమర్ జడ వదిలేసి పక్కకి జరిగింది.

"ఇన్నాళ్లూ నాకెందుకు సెప్పలేదు?"

అప్పుడు నాకేసి చూశారు. రంగు కోసం చూసినట్టు సగం కళ్లతో కాదు, పూర్తిగా.

"సెప్తే దానికీ క్రీం రాసేత్తావు కదా," అన్నారు. "నాకు మిగిలింది అదొక్కటే."

రోడ్డు మీద, కస్టమర్ ముందే, నాకు ఏడుపొచ్చేసింది. కోపమో, ఇంకోటో నాకు తెలియదు. పక్కనుంచి ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎండగా ఉంది లోపలికి రా అన్నారాయన. నేను వెళ్లలేదు.